ఉప్పల్ స్టేడియంలో బ్యాటర్... నాచారం గేటు దగ్గర వాచ్‌మన్

ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజు ఉప్పల్‌లో సాయంత్రం నాలుగు గంటలకే సందడి మొదలవుతుంది. స్టేడియం మెట్రో స్టేషన్ మెట్ల మీద నుంచి నారింజ రంగు జెర్సీలు గుంపులు గుంపులుగా దిగుతాయి. చెంపల మీద రంగులు వేసేవాళ్లు, జెండాలు అమ్మేవాళ్లు ఫుట్‌పాత్ అంతా నిండిపోతారు. రాజీవ్ గాంధీ అంతర్జాతీయ స్టేడియం గేట్ల దగ్గర 'లేడీస్ ఇటు, జెంట్స్ అటు' అంటూ తనిఖీ వరుసలు విడదీస్తారు. లోపలికి వెళ్లాక పెద్ద తెర మీద కనిపించే మాట, వ్యాఖ్యానంలో వినిపించే మాట 'బ్యాటర్'. స్టాండులో కూర్చున్న తాతకు మాత్రం క్రీజులో ఉన్నది ఇంకా 'బ్యాట్స్‌మన్'. పక్కనున్న మనవరాలికి ఆ మాట పాతకాలందిగా తోస్తుంది. మ్యాచ్ ముగిశాక ఆ కుటుంబం నాచారం హెచ్‌ఎంటీ నగర్‌కో, మల్లాపూర్‌కో చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అపార్ట్‌మెంట్ గేటు తీయడానికి 'వాచ్‌మన్' లేచి వస్తాడు. చాలా రాత్రుళ్లు లేచి వచ్చేది ఆయన భార్య. ఆమె చేసే ఆ పనికి మాత్రం పేరు లేదు.

మనుషులను సూచించే ఇంగ్లిష్ మాటల్లో కొన్నింటికి లింగం ఉంది, కొన్నింటికి లేదు. చైర్మన్, లైన్‌మన్, సేల్స్‌మన్, వాచ్‌మన్, హౌస్‌వైఫ్, హీరోయిన్ మొదటి రకం. డాక్టర్, డ్రైవర్, కండక్టర్, ఆపరేటర్, సైంటిస్ట్ రెండో రకం. మొదటి రకంలో చాలా వాటిని ఇంగ్లిష్ మాట్లాడే దేశాలు గత అర్ధశతాబ్దంలో ఒక్కొక్కటిగా పక్కన పెట్టాయి. ఫైర్‌మన్ ఫైర్‌ఫైటర్ అయ్యాడు, విమానంలో స్టీవార్డెస్ ఫ్లైట్ అటెండెంట్ అయింది. ఉప్పల్, నాచారం ఉన్న తూర్పు హైదరాబాద్ రోజువారీ ఇంగ్లిష్‌లో ఈ మార్పు కొన్నిచోట్ల వెంటనే వచ్చింది, కొన్నిచోట్ల అసలు రాలేదు. ఎక్కడ వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది గమనిస్తే ఆ పనిలో స్త్రీల స్థానం ఏమిటో తెలిసిపోతుంది.

క్రికెట్ ముందు నడిచింది

క్రికెట్ నియమాలు రాసేది లండన్‌లోని మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్. 2021 సెప్టెంబరు 22న ఆ క్లబ్ నియమావళిలో 'బ్యాట్స్‌మన్', 'బ్యాట్స్‌మెన్' అన్న చోటల్లా 'బ్యాటర్', 'బ్యాటర్స్' అని మార్చింది. మార్పు ఆ రోజు నుంచే అమల్లోకి వచ్చింది. కొద్ది వారాల్లోనే అంతర్జాతీయ క్రికెట్ మండలి కూడా తన నిబంధనల్లో అదే మాటను తీసుకుంది. బౌలర్, ఫీల్డర్ అన్న మాటలకు మొదటి నుంచీ లింగం లేదు. బ్యాట్ పట్టినవాళ్ల పేరుకు ఉండేది.

ఈ క్లబ్ తీరు చెప్పుకోదగ్గది. రెండు శతాబ్దాలకు పైగా అది స్త్రీలకు సభ్యత్వమే ఇవ్వలేదు. 1998లో జరిగిన ఓటింగ్‌తో గాని తలుపు తెరుచుకోలేదు. 2017లో నియమావళిని తిరగరాసినప్పుడు కూడా ఈ మాట గురించి చర్చ జరిగింది, 'బ్యాట్స్‌మన్'నే ఉంచాలని తేల్చారు. నాలుగేళ్లకు ఆ నిర్ణయం మారింది. మధ్యలో జరిగిందల్లా ఒకటే: స్త్రీల మ్యాచ్‌లకు స్టేడియాలు నిండడం మొదలైంది.

ఈ మార్పు వెనుక హైదరాబాద్ వాటా కూడా ఉంది. భారత జట్టుకు నాయకత్వం వహించిన పూర్ణిమా రావు ఈ నగరం అమ్మాయే. ఆమె ఆడిన 1990ల్లో భారత మహిళల క్రికెట్‌ను వేరే సంఘం నడిపేది, 2006లో గాని అది బీసీసీఐ కిందికి రాలేదు. సికింద్రాబాద్‌లో ఆట నేర్చిన మిథాలీ రాజ్‌ను 2017 ప్రపంచకప్‌కు ముందు ఇంగ్లాండ్‌లో ఒక విలేకరి, మీకు ఇష్టమైన పురుష క్రికెటర్ ఎవరని అడిగాడు. ఇదే ప్రశ్న పురుష క్రికెటర్‌ను అడుగుతారా, అతనికి నచ్చిన మహిళా క్రికెటర్ ఎవరని అడుగుతారా అని ఆమె తిరిగి అడిగింది. ఆ జవాబు ప్రపంచమంతా తిరిగింది. 'క్రికెటర్' అంటే మగవాడు, ఆడపిల్ల ఆడితే 'మహిళా క్రికెటర్' అన్న లెక్కను ఒక్క ప్రశ్నతో ఆమె బయటపెట్టింది.

2022 అక్టోబరులో బీసీసీఐ ఆడ, మగ జట్లకు మ్యాచ్ ఫీజులు సమానం చేసింది: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో భారత జట్టు మొదటిసారి మహిళల వన్డే ప్రపంచకప్ గెలిచింది. ఆ జట్టులో కడప జిల్లా శ్రీచరణి, హైదరాబాద్ అరుంధతి రెడ్డి ఉన్నారు. వాళ్లను చూసి బ్యాట్ కొనిపించుకున్న ఉప్పల్ పిల్లలకు 'బ్యాటర్' అన్న మాటను ఎవరూ విడిగా నేర్పనక్కర్లేదు. మొదట్లో ఆ మాట వింటే దోశ పిండి ప్యాకెట్టు గుర్తొచ్చేదన్నవాళ్లు ఉన్నారు. ఇప్పుడా తికమక లేదు. 'మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్' స్థానంలో 'ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్' కూడా ఇలాగే కుదురుకుంది.

■ ఒకప్పుడు 'మ్యాన్' అంటే అందరూ
వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో 'మన్' అంటే మనిషి, ఆడయినా మగయినా. మగవాణ్ణి 'వేర్' అనేవారు, ఆడమనిషిని 'వీఫ్' అనేవారు. 'వీఫ్', 'మన్' కలిసి 'వుమన్' అయింది. 'వేర్' వాడుకలోంచి పోయింది, 'మ్యాన్' మగవాడికి మిగిలింది. 'గర్ల్' అన్నది మధ్యయుగంలో ఏ పిల్లలకైనా చెల్లేది. 'స్పిన్‌స్టర్' అంటే నూలు వడికే స్త్రీ. పెళ్లికాని ముదిత అన్న ఎత్తిపొడుపు తరువాత అంటుకుంది.

వాచ్‌మన్ గదిలో ఇద్దరు

నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్ వీధుల్లో నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు వేలల్లో ఉన్నాయి. సెల్లార్‌లో మెట్ల కింద ఒక గది ఉంటుంది, దాన్ని వాచ్‌మన్ రూమ్ అంటారు. అందులో ఉండేది ఒక మనిషి కాదు, కుటుంబం. పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో, ఒడిశా సరిహద్దు నుంచో పనికోసం వచ్చిన భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. తెల్లవారుజామున మోటారు వేయడం, మెట్లు ఊడ్చి తుడవడం, చెత్త కిందికి తేవడం, నల్లా నీళ్లు వచ్చే వేళకు సంపు వాల్వు తిప్పడం, కొరియర్లు తీసి పెట్టడం, మధ్యాహ్నం గేటు దగ్గర కూర్చోవడం: ఇందులో సగానికి పైగా పని ఆమె చేతుల మీదే నడుస్తుంది. భర్త పగలు మేస్త్రీ పనికో, ఆటో నడపడానికో వెళ్తే కాపలా కూడా పూర్తిగా ఆమెదే.

అసోసియేషన్ ఖాతా పుస్తకంలో మాత్రం 'వాచ్‌మన్ జీతం' అని ఒకే వరుస ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో ఆమె 'వాచ్‌మన్ భార్య', లేదా 'వాచ్‌మన్‌వాళ్లావిడ'. మాట ఒక మనిషినే చూపిస్తోంది కాబట్టి జీతం ఒక మనిషికే చెల్లుతోంది. భర్త జబ్బుపడితేనో, వదిలివెళ్తేనో ఆమె ఆ గది ఖాళీ చేయాల్సి వస్తుంది. 'వాచ్‌మన్ లేడు కదా' అంటారు. ఆ గేటు దగ్గర ఏళ్లుగా కాపలా ఉన్నది ఆమె అన్న సంగతి ఆ వాక్యంలో ఇమడదు.

చట్టంలో వేరే మాట ఉంది. ప్రైవేటు భద్రతా సంస్థలపై 2005లో పార్లమెంటు చేసిన చట్టం 'సెక్యూరిటీ గార్డు' అంటుంది. ఉప్పల్ ఐటీ సెజ్ గేటు దగ్గరైనా, మెట్రో స్టేషన్ తనిఖీ దగ్గరైనా యూనిఫాం వేసుకున్న ఆడవాళ్లను అందరూ 'సెక్యూరిటీ' అనే పిలుస్తారు. అక్కడ వాళ్లకు గుర్తింపు కార్డు ఉంది, షిఫ్టు ఉంది, ఎవరి జీతం వాళ్లకుంది. పని అదే, కాపలా కాయడం. అపార్ట్‌మెంట్లలో 'కేర్‌టేకర్' అనే మాట కొత్తవాటిలో అక్కడక్కడా వినిపిస్తోంది. ఆ మాట వచ్చినంత మాత్రాన జీతం రెండు వరుసలు కాదు. కాని భార్యాభర్తలిద్దరి పేర్లూ ఒప్పందంలో రాయడానికి అది దారి ఇస్తుంది.

వర్క్‌మన్ నుంచి వర్కర్‌కు

నాచారం పారిశ్రామికవాడలో ఉదయం షిఫ్టు మారే వేళ గేట్ల ముందు ఆడవాళ్ల టిఫిన్ సంచులు కూడా బాగానే కనిపిస్తాయి. ప్యాకింగ్, కుట్టుపని, మందుల తయారీ విభాగాల్లో వాళ్లు ఏనాటినుంచో ఉన్నారు. చట్టం మాత్రం చాలాకాలం వాళ్లను 'వర్క్‌మన్' అనే పిలిచింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో అదే నిర్వచనం. ప్రమాదంలో కాలో చెయ్యో పోయిన కార్మికులకు డబ్బు ఇప్పించే 1923 చట్టం పేరు 'వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్'. దాన్ని 2009 సవరణతో 'ఎంప్లాయీస్ కాంపెన్సేషన్' చేశారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 'వర్క్‌మన్'ను పక్కనపెట్టి 'వర్కర్' అంటోంది.

ఐటీఐ ట్రేడ్ల పేర్లు చాలావరకు ఈ విషయంలో ముందునుంచీ శుభ్రంగా ఉన్నాయి. ఫిట్టర్, టర్నర్, వెల్డర్, మెషినిస్ట్, ఎలక్ట్రీషియన్: వీటిలో ఒక్కదానికీ లింగం లేదు. అయినా ఆ కోర్సు చదివిన అమ్మాయి వర్క్‌షాపులో అడుగుపెడితే 'లేడీ వెల్డర్' అయిపోతుంది. పదానికి లేని లింగాన్ని పక్కన నిలబడ్డ మనుషులు తగిలిస్తారు. నాచారంలోని ఈఎస్ఐ ఆసుపత్రి చీటీ మీద మరో మంచి మాట ఉంది, 'ఇన్సూర్డ్ పర్సన్'. కార్మికుల నోట అది 'ఐపీ నంబరు'. భర్త కార్డు మీద వచ్చిన భార్య వేరు, తానే ఐపీ అయిన స్త్రీ వేరు. రెండో ఆమె కౌంటర్ దగ్గర నంబరు చెప్పే ధీమాయే వేరు. అదే ఈఎస్ఐ చట్టం ప్రసూతి ప్రయోజనాల దగ్గరకు వచ్చేసరికి 'ఇన్సూర్డ్ వుమన్' అని విడిగా రాస్తుంది. అక్కడ స్త్రీ అని చెప్పి తీరాలి. లింగం లేని మాట అన్నిచోట్లా మేలు చేస్తుందనుకోవడం పొరపాటు.

'లేడీ డాక్టర్' కూడా అలాంటిదే. వైద్యం చేసేవారి కోణంలో అది అనవసరపు తోక. కాన్పుల వార్డు ముందు బెంచీ మీద కూర్చున్న పదిహేడేళ్ల పిల్లకు 'లేడీ డాక్టర్ ఉన్నారా' అన్నది అవసరమైన ప్రశ్న.

ఉప్పల్ రోడ్డు మీద సైంటిస్ట్

తార్నాక నుంచి ఉప్పల్ వరకు ఉన్న రోడ్డు దేశంలోని పెద్ద పరిశోధన వీధుల్లో ఒకటి. 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1977లో ఏర్పడిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, భారత రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ ఈ దారిలోనే ఉన్నాయి. వీటిలో పనిచేసే వేలమందికి చెల్లే 'సైంటిస్ట్' అన్న పదానికి రెండు శతాబ్దాల వయసు కూడా లేదు. అంతకుముందు ఇంగ్లిష్‌లో 'మ్యాన్ ఆఫ్ సైన్స్' అనేవారు. 1834లో విలియం హ్యూయెల్ అనే పండితుడు ఒక సమీక్షా వ్యాసంలో 'సైంటిస్ట్' అన్న మాటను మొదటిసారి అచ్చులోకి తెచ్చాడు. ఆయన సమీక్షించిన పుస్తకం మేరీ సోమర్‌విల్ అనే స్త్రీ రాసినది. సీసీఎంబీలో బ్యాక్టీరియా కణకవచంపై పరిశోధన చేసి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్న మంజులా రెడ్డిని పరిచయం చేయడానికి ఆ పదం చక్కగా సరిపోతుంది, ముందు ఏ విశేషణమూ అక్కర్లేదు.

తెలుగు ఇచ్చిన దారి

ఇంగ్లిష్‌ను వాడుకునే తెలుగువాళ్లకు ఇంట్లో ఉన్న వ్యాకరణం వేరు. మన భాషలో ఏకవచనం ఆడవాళ్ల విషయంలో పెద్దగా మర్యాద చూపలేదు. అన్న వచ్చిండు, అక్క వచ్చింది, బస్సు వచ్చింది, ఆవు వచ్చింది. పాత వ్యాకరణాలు మగవాణ్ణి మహత్తు అని పక్కకు తీసి, మిగతా లోకాన్ని అమహత్తు కింద చేర్చాయి. బహువచనంలోకి వస్తే స్త్రీ ఈ గట్టుకు చేరుతుంది: అన్నలు వచ్చిన్రు, అక్కలు వచ్చిన్రు, బస్సులు వచ్చినయి. గౌరవవాచకమూ అంతే. డైరెక్టర్ గారు వచ్చారు అంటే ఆ డైరెక్టర్ ఆడో మగో వాక్యం చెప్పదు, చెప్పమని అడగదు.

'గారు' మన భాషకున్న గొప్ప సొత్తు. ఆడవాళ్లకు, మగవాళ్లకు, పెళ్లయినవాళ్లకు, కానివాళ్లకు, ఏ లింగమూ తమది కాదనుకున్నవాళ్లకు కూడా ఒకేలా చెల్లుతుంది. ఇంగ్లిష్‌కు అలాంటిది లేక మిస్, మిసెస్ మధ్య నలిగింది. పెళ్లి సంగతి చెప్పని 'మిజ్' అన్న సంబోధనను 1901లోనే ఒక అమెరికన్ పత్రికలో ప్రతిపాదించినా, 1970ల్లో స్త్రీల ఉద్యమం పట్టుపట్టేదాకా అది నిలదొక్కుకోలేదు. మన శుభలేఖల్లో వరుడు ఉత్త 'చి.', వధువు 'చి.ల.సౌ.' అన్న తేడా అలాగే ఉంది. అయినా ఫోనులో, ఉత్తరంలో, ఆఫీసులో పేరు పక్కన 'గారు' చేరిస్తే చాలు.

మరో దారి 'అమ్మ'. డాక్టరమ్మ, కలెక్టరమ్మ, టీచరమ్మ, కండక్టరమ్మ. ఇది లింగం చెప్పే మాటే, కాని దాంట్లో చిన్నచూపు లేదు. ఉప్పల్ డిపో బస్సులో 'కండక్టరమ్మా, రింగ్‌రోడ్‌లో ఆపు' అన్న కేకలో చనువుంది. అదే చనువును 'లేడీ కండక్టర్' ఇవ్వదు.

బడిలో మాత్రం వింత జరిగింది. ఇంగ్లిష్‌లో 'టీచర్'కు లింగం లేదు. మన పిల్లల నోట్లో మగవారు 'సార్', ఆడవారు 'టీచర్' అయ్యారు. లింగం లేని పదం స్త్రీలింగమైంది. 2023 జనవరిలో కేరళ బాలల హక్కుల సంఘం సార్, మేడమ్ వద్దు, అందరినీ 'టీచర్' అనండి అని సూచించింది. తెలుగు బడుల్లో అది పెట్టాలంటే ముందు 'టీచర్ అంటే మేడమ్' అన్న అలవాటు పోవాలి. ఆసుపత్రిలోనూ ఇంతే. నర్సును 'సిస్టర్' అంటారు, నర్సింగ్ చదివిన అబ్బాయి వస్తే 'బ్రదర్' అని కొత్తగా కనిపెట్టారు. తెలంగాణ నియామక ప్రకటనల్లో ఇప్పుడు 'నర్సింగ్ ఆఫీసర్' అని వస్తోంది, వార్డులోకి ఇంకా రాలేదు.

ఇక వీధి పిలుపుల్లో అన్న, అక్క, భాయ్ ఎవరినీ నొప్పించవు. 'ఆంటీ' నొప్పిస్తుంది. ముప్పై ఏళ్ల కూరగాయల వ్యాపారిని నలభై ఏళ్ల మనిషి ఆంటీ అనడం రోజూ జరిగేదే. అదే వయసు మగవాణ్ణి అంకుల్ అనడానికి అంత తొందర ఉండదు. ఐటీ ఆఫీసుల్లో ఆడా మగా కలిసిన బృందాన్ని 'హాయ్ గైస్' అంటారు. 1605లో లండన్ పార్లమెంటును పేల్చబోయి పట్టుబడ్డ గై ఫాక్స్ పేరు నుంచి పుట్టిన మాట అది. కుర్ర ఉద్యోగులు దాన్ని అందరికీ చెల్లేదిగానే వాడుతున్నారు. 'టీమ్', 'ఆల్' అని మొదలుపెట్టే మెయిళ్లూ పెరిగాయి.

■ 'దే' ఒకరే అయినప్పుడు
ఎవరో తెలియని ఒక మనిషిని 'దే' అనడం ఇంగ్లిష్‌లో 14వ శతాబ్దం నుంచీ ఉంది. 18వ శతాబ్దపు వ్యాకరణవేత్తలు అది తప్పని, 'హీ' అనాలని బోధించారు. బ్రిటిష్ పార్లమెంటు 1850లో చట్టాల భాషకు అదే నియమం చేసింది. 2019లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు 'దే'ను ఆ ఏటి మాటగా ఎంచింది. ఒక మనిషినే 'వారు' అనే తెలుగువాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

కోర్టు దిద్దిన మాటలు

2023 ఆగస్టు 16న సుప్రీంకోర్టు ఒక చేతిపుస్తకం విడుదల చేసింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి డీవై చంద్రచూడ్ ముందుమాట రాసిన ఆ పుస్తకం తీర్పుల్లో, పిటిషన్లలో ఏ మాటలు వాడకూడదో, బదులుగా ఏవి రాయాలో చెప్పింది. 'హౌస్‌వైఫ్' బదులు 'హోమ్‌మేకర్' అనాలి. 'కెరీర్ వుమన్' అనక్కర్లేదు, 'వుమన్' అంటే చాలు. 'ఈవ్‌టీజింగ్' బదులు 'వీధుల్లో లైంగిక వేధింపు' అని ఉన్నది ఉన్నట్టు రాయాలి.

'ఈవ్‌టీజింగ్' ఇంగ్లాండ్ నుంచి వచ్చింది కాదు, మన దేశంలో పుట్టిన ఇంగ్లిష్. నేరాన్ని అల్లరిగా మార్చి చెప్పే మాట. ఉప్పల్ రింగ్‌రోడ్ బస్టాపులో నిలబడ్డ కాలేజీ అమ్మాయికి జరిగేది ఆటపట్టించడం కాదు. ఈ వేధింపులను ఆపడానికి 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో మొదలైన పోలీసు బృందాలకు 'షీ టీమ్స్' అని పేరు పెట్టారు, ఇంగ్లిష్ సర్వనామాన్నే పేరుగా. తరువాత ఉప్పల్, నాచారం కూడా ఆ గొడుగు కిందికి వచ్చాయి. కాని ఫిర్యాదు వార్తల్లో 'ఈవ్‌టీజర్లు' అన్న మాట ఇంకా అచ్చవుతూనే ఉంది. పత్రికలు దాన్ని ఇకనైనా వదిలేయాలి.

బడి దరఖాస్తులో తల్లి వృత్తి దగ్గర 'హౌస్‌వైఫ్' అని రాయడం అందరికీ అలవాటు. ఉదయం పచ్చళ్ల ఆర్డర్లు చూసి, మధ్యాహ్నం జాకెట్లు కుట్టి, సాయంత్రం ట్యూషన్ చెప్పే తల్లి కూడా అదే రాస్తుంది. ఫారాలు మారవనేమీ లేదు: 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టు దరఖాస్తుకు తల్లి, తండ్రి, సంరక్షకుల్లో ఎవరో ఒకరి పేరు సరిపోతుంది. బడి ఫారాలు ఆ దారి పట్టడానికి అడ్డేమీ లేదు.

రెండు గడులు చాలని వాళ్లు

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను తృతీయ లింగంగా గుర్తించింది. ఆ తీర్పు తరువాత కూడా తెలంగాణలో నిజాం కాలపు 'యూనక్స్' (నపుంసకులు) చట్టం పుస్తకాల్లో మిగిలే ఉంది. 1919 నాటి ఆ చట్టం పేరే తిట్టులాంటిది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగిలి తదితరుల పిటిషన్ మీద రాష్ట్ర హైకోర్టు 2023లో దాన్ని కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం స్త్రీలు, బాలికలతో పాటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం అని స్పష్టంగా రాసింది. బస్సులో 'లేడీస్, జెంట్స్' అన్న రెండు మాటల మధ్య చోటు దొరకని మనిషికి ఛార్జీ లేకుండా ఇచ్చే ఆ జీరో టికెట్ ఒక కాగితం రుజువు. 2024 డిసెంబరులో నగర ట్రాఫిక్ పోలీసు విభాగం 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను 'ట్రాఫిక్ అసిస్టెంట్లు'గా తీసుకుంది. ఆ ఉద్యోగం పేరులో లింగం లేకపోవడం వాళ్లకు మేలే చేసింది.

సినిమా మాటలు ఇంకో దారి. ఎన్టీఆర్ కుటుంబపు రామకృష్ణ స్టూడియో ఉన్న నాచారంలో 'హీరో', 'హీరోయిన్' రెండూ తెలుగు మాటలైపోయాయి. ఇంగ్లిష్ నటీమణుల్లో చాలామంది తమను 'యాక్టర్' అనే అంటారు. బెర్లిన్ చిత్రోత్సవం 2021 నుంచి నటన బహుమతికి ఆడ, మగ విభజన తీసేసింది. ఇక్కడ 'ఉత్తమ నటుడు', 'ఉత్తమ నటి' విడిగా ఉండటమే మంచిది. కథలన్నీ మగ పాత్ర చుట్టూ తిరిగే పరిశ్రమలో ఒకే బహుమతి పెడితే అది ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు.

పోల్ ఎక్కిన శిరీష

మాట మనిషి బతుకును నేరుగా తాకిన సందర్భం తెలంగాణ విద్యుత్ శాఖలో ఉంది. ఉప్పల్, నాచారంలకు కరెంటు ఇచ్చే దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ 2019లో 2,500 'జూనియర్ లైన్‌మన్' పోస్టులకు ప్రకటన ఇచ్చింది. స్త్రీలు దరఖాస్తు చేసుకునే వీలు లేదు. పోల్ ఎక్కాల్సిన ఉద్యోగం, ఆడవాళ్లు ఎక్కలేరన్నది ఆ ఆలోచన. ఐటీఐ ఎలక్ట్రికల్ చదివిన కొందరు అమ్మాయిలు హైకోర్టుకు వెళ్లారు. వాళ్లకూ అవకాశం ఇవ్వాలని కోర్టు చెప్పింది. రాతపరీక్ష రాశారు. 2020 డిసెంబరులో పోల్ ఎక్కే పరీక్ష పెట్టారు. సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష ఎక్కి చూపించింది. అయినా నియామక పత్రం చేతికి రావడానికి 2022 మే దాకా ఆగాల్సి వచ్చింది. రాష్ట్రంలో ఆ ఉద్యోగంలో చేరిన మొదటి స్త్రీ ఆమె. పత్రికలు 'లైన్ వుమన్' అని రాశాయి, హోదా పేరు 'లైన్‌మన్'గానే ఉండిపోయింది.

చట్టాల్లో 'హీ' అంటే స్త్రీ కూడా అని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చెబుతుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతి భారతీయ న్యాయ సంహిత 'హీ' అన్న మాట కింద ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను కూడా చేర్చింది. నిబంధన నూట ఇరవై ఏళ్లకు పైగా ఉన్నా, 2019లో 'మన్' అన్న మాట దగ్గర ఆ అమ్మాయిలు ఆగిపోయారు. నిర్వచనాల్లో ఒక మూల రాసిపెట్టిన వాక్యం నోటిఫికేషన్ చదివే ఐటీఐ విద్యార్థిని దాకా చేరదు. ఆమె చదివేది పోస్టు పేరు.

అలాగని పేరొక్కటే సరిపోదు. 'డ్రైవర్'కు ఏనాడూ లింగం లేదు. అయినా సంస్థాన్ నారాయణపూర్ ప్రాంతపు తండాలో పుట్టిన సరిత 2015లో ఢిల్లీ వెళ్లి అక్కడి ప్రభుత్వ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవర్ కావాల్సి వచ్చింది. సొంత రాష్ట్రపు ఆర్టీసీ స్టీరింగ్ ఆమె చేతికి 2025 జూన్‌లో వచ్చింది. ఉప్పల్ మీదుగా నడిచే మెట్రోలో ఆ ఆలస్యం జరగలేదు. 2017 నవంబరులో రైళ్లు మొదలైనప్పటి నుంచే ఆడవాళ్లు 'ట్రైన్ ఆపరేటర్లు'గా ఉన్నారు. కొత్త సంస్థ, కొత్త పేరు, తలుపు రెండు వైపులా తెరిచి నియామకం. మూడూ కలిశాయి కాబట్టి వీలైంది.

విద్యుత్ పంపిణీ సంస్థ తదుపరి నియామక ప్రకటనలో ఆ పోస్టును 'లైన్ వర్కర్' అనో, 'లైన్ టెక్నీషియన్' అనో రాయాలి. అర్హతగా ఐటీఐ సర్టిఫికెటు, పోల్ ఎక్కే సత్తా అడగాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు కాపలా ఒప్పందంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ, ఇద్దరి జీతాలూ వేరువేరుగా చూపాలి. ఇందుకు ఏ కొత్త చట్టమూ అవసరం లేదు, వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చాలు.